సున్నం ఆగిన చోట తలుపు

నువ్వు కట్టిన ఇల్లు ఒకటి చూపించవయ్యా అని ఎవరైనా అడిగితే, వీధి చివర నిలబడి వేలు పెట్టి చూపించడానికి నాకు పెద్దగా ఏమీ లేవు. ఉద్యోగ జీవితమంతా తిరుపతిలోనే గడిపాను. కానీ కొత్త ఇంటి పునాదిలో నిలబడి కొబ్బరికాయ కొట్టిన సందర్భాలు తక్కువ. నా దగ్గరికి వచ్చినవన్నీ అప్పటికే కట్టేసిన ఇళ్ళు. గృహప్రవేశం అయి, పాలు పొంగి, చుట్టాలు భోంచేసి వెళ్ళాక ఇంటివాళ్ళకు ఒక్కొక్కటే తెలిసివస్తుంది. మెట్ల కింద ముక్కోణపు చోటు ఊడవడానికి కూడా చెయ్యి అందదు. రెండు స్తంభాలు ముందుకు పొడుచుకొచ్చిన గోడకు బీరువా ఆనదు. కూతురి పెళ్ళికి కొన్న మంచం మెట్ల మలుపులో ఇరుక్కుని పైకీ పోదు, కిందికీ రాదు. అప్పుడు నన్ను పిలిచేవాళ్ళు. తోటి ఇంజనీర్లు నాకు ‘మూలల ఇంజనీరు’ అని పేరు పెట్టారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ, సగం పని నాకు ఆ పేరు వల్లే దొరికింది.

చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. పని మానేశాక వాటిని వరసగా పెట్టుకుని చదువుతున్నాను. ఈ మధ్య ఇళ్ళ లోపలి పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, ఫోనులో ఫోటో చూపించి, “మెట్ల కింద ఇట్ల రావల్లంటే ఎట్ల చెయ్యల్ల తాతా?” అని అడుగుతున్నారు. ఫోటోలు బాగానే ఉంటాయి. ఆ ఇళ్ళలో చెప్పులు ఉండవు, చీపురు ఉండదు, రాగుల మూట ఉండదు, మోకాలి నొప్పి ఉన్న అవ్వ ఉండదు. ఇవన్నీ ఉన్న ఇళ్ళలో ఎలా పని చెయ్యాలో నాకు తెలిసినంత చెబుతాను.

గంధం పూసిన దూలం

నా మొదటి యజమాని గోవిందస్వామి. యాత్రికుల లాడ్జీలు కట్టే కాంట్రాక్టరు. పలుచని మనిషి, గట్టి గొంతు. నేను డిప్లొమా కాగితం చేతిలో పట్టుకుని చేరిన వారంలోనే ఒక లాడ్జీకి తీసుకుపోయి, మెట్ల మీద ఒక దూలం చూపించాడు. తెల్లటి దూలం అంచున అరచెయ్యంత మేర పసుప్పచ్చగా ఉంది.

“ఈ దూలానికి గంధం ఎవురు పూసినారు చెప్పు సూస్తాం?” అన్నాడు.

ఎవరో పూజ చేసి ఉంటారన్నాను.

“పూజా? గుండ్లబ్బా, గుండ్లు! కొండ మీద గుండు కొట్టించుకోని, గంధం పూసుకోని, నీళ్ళ బాటిలు ఎత్తుకోని వస్తారు గదా, వచ్చి వచ్చి ఈ దూలానికి టంగుమని కొట్టుకుంటా ఉండారు. గోవిందా అనేది స్వామి మింద భక్తి అనుకుంటా ఉండావా? దెబ్బకు అంటారప్పా!”

లాడ్జీ యజమాని రెండేళ్ళుగా ఆ దూలం కిందే కూర్చుని లెక్కలు రాసుకుంటున్నాడు. ఆయనకు ఆ మరక కనిపించలేదు. యాత్రికులు ఒక పూట ఉండి వెళ్ళిపోతారు, ఫిర్యాదు చెయ్యరు. గోడ మాత్రం చెబుతూనే ఉంది.

ఇది నాకు దొరికిన మొదటి పాఠం, దీని మీదే తరవాత నా పనంతా నడిచింది. ఇంట్లోకి పోగానే టేపు తియ్యకండి. ముందు మరకలు చూడండి. మెట్ల గోడ మీద చెయ్యి ఎక్కడ ఆనుతున్నదో, తలుపు ఎక్కడ కొట్టుకుంటున్నదో, మూల ఎక్కడ పెచ్చు ఊడిందో చూడండి. ఇంటివాళ్ళు తమ అవసరం తప్పుగా చెప్పవచ్చు, చెప్పడానికి మొహమాటపడవచ్చు. మరకకు మొహమాటం లేదు.

గోవిందస్వామి దగ్గర రెండో అలవాటు కూడా పట్టుకున్నాను. మెట్లకు ఏ మార్పు గీసినా, గీసే ముందు నిండు బిందె భుజాన పెట్టుకుని ఆ మెట్లు ఎక్కాలి. చేతులు ఊపుకుంటూ ఎక్కితే ప్రతి మెట్టూ మంచిదే. బిందెతో ఎక్కితే వెడల్పు చాలదో, మలుపు చాలదో, తల తగులుతుందో ఆ నీళ్ళే చెబుతాయి.

ఆయన మహా తెలివైనవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. మొండివాడు కూడా. మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలన్న పట్టుదలతో ఒక లాడ్జీలో చివరి మెట్టును సగం ఎత్తు చేసి లెక్క సరిపెట్టాడు. ఒకే ఎత్తుకు అలవాటు పడిన కాలు ఆ చివరి మెట్టు దగ్గర తడబడేది. నెల తిరక్కుండానే ఇద్దరు జారిపడి, విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నారు. లాడ్జీ యజమాని మా ఆఫీసుకు వచ్చి, “ఏం గోవిందస్వామీ, పుత్తూరు కట్టోళ్ళు నీకేమన్నా వాటా ఇస్తా ఉండారా?” అని అడిగాడు. గోవిందస్వామి మర్నాడు మనుషుల్ని పెట్టి మెట్లన్నీ చెక్కించి సమంగా పోయించాడు. వాస్తు చూసుకోండి, ఇంటివాళ్ళకు అది కావాలి. కానీ బేసి కోసం మెట్టు ఎత్తు మార్చకండి. మొత్తం ఎత్తును బేసిగా పంచుకోవడం ముందే చేసుకోవాల్సిన పని.

మెట్ల కింద

ఇక మెట్ల కింది చోటు సంగతి. ఎత్తుగా ఉన్న వైపు నుంచి లోపలికి దూరే అరలు పెడితే, ఆఖరి మూలకు పోయిన వస్తువు మళ్ళీ పండగకు సున్నం కొట్టేటప్పుడే బయటికి వస్తుంది. పక్క నుంచి బయటికి లాగే సొరుగులు పెట్టండి. కింద చిన్న చక్రాలు ఉంటే ఆడవాళ్ళు ఒక్క చేత్తో లాగుతారు. అన్నిటికంటే పల్లపు మూలను చెప్పులకు వదిలెయ్యండి. ఇన్వర్టరు పెడితే గాలి ఆడేలా జాలీ తలుపు పెట్టండి. గ్యాస్ బండ పెట్టకండి. దేవుణ్ణి పెట్టకండి. పెట్టినా ఆ ఇంట్లో ఎవరో ఒకరికి దేవుడి తలమీద నడుస్తున్నామనే శంక పోదు, ఆరు నెలల్లో పటాలు వేరే గోడ మీదికి పోతాయి.

స్తంభాలు పొడుచుకొచ్చిన గోడను సమం చేయడానికి దాని ముందు ఒక చెక్క గోడ కట్టి దాచేవాళ్ళున్నారు. దాచితే గది చిన్నదవుతుంది, వెనక ఎలుక పెరుగుతుంది. రెండు స్తంభాల మధ్య గుంటలోనే స్తంభం లోతుకు సరిగ్గా అరలు కట్టండి. గోడ దానంతటదే సమం అవుతుంది. ఏర్పేడు దగ్గర పాఠాలు చెప్పే ఒక మాస్టారు నాతో ఈ విషయం మీద రెండు ఆదివారాలు వాదించాడు. చివరికి ఆయన భార్య, “ఆయప్ప చెప్పినట్టు చెయ్యండి, నాకు పచ్చడి జాడీలకు తావు దొరుకుతాది,” అనడంతో వాదం ముగిసింది.

ఇంకొక్కటి. మెట్ల కింద మనిషికి పడక పెట్టడానికి నేను ఎప్పుడూ గీత గీయలేదు. ఎవరడిగినా గీయలేదు. అలా అడిగినవాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క ఇంట్లో పనికి వచ్చింది కాబట్టి, ఆ ఇంటి సంగతి వివరంగా చెబుతాను.

చెంగల్రాయులు, మునిశేఖర్

పాత ఊళ్ళో ఇరుకు వీధి. కిందొకటి, పైనొకటి రెండు అంతస్తుల ఇల్లు. పక్కన ఉత్తరం వైపు మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందు. అన్న చెంగల్రాయులుకు పాత్రల అంగడి. తమ్ముడు మునిశేఖర్ బస్సు కండక్టరు. వాళ్ళ నాయన అందరూ కలిసి ఉంటారన్న నమ్మకంతో మెట్లను ఇంటి లోపలే, హాలు పక్కనుంచి కట్టించాడు. ఆయన పోయాక పెద్దమనుషులు కూర్చుని కింద ఇల్లు అన్నకూ, పై ఇల్లు తమ్ముడికీ పంచారు. తల్లి కుప్పమ్మకు వంతు పెట్టారు. ఒక నెల కింద పెద్దకొడుకు దగ్గర, ఒక నెల పైన చిన్నకొడుకు దగ్గర. మా వైపు చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి.

పంపకంలో అందరూ మరిచిపోయింది మెట్లు. తమ్ముడి కుటుంబం పైకి పోవాలంటే అన్న హాల్లోంచి నడవాలి. పెద్దకోడలు వసంతకు, చిన్నకోడలు రేవతికి మాటలు లేవు. మాటలు లేనివాళ్ళు రోజుకు ఇన్నిసార్లు ఎదురుపడడం ఎంత కష్టమో ఊహించుకోండి.

నన్ను పిలిచింది చెంగల్రాయులు. నేను పోయేసరికి ఇంట్లో పచ్చి సున్నం వాసన కొడుతోంది. మెట్ల గోడ కింది భాగమంతా తెల్లగా మెరుస్తోంది, ఇంకా తడి ఆరలేదు.

“ఎవరు కొట్టమన్నారు సున్నం?” అన్నాను. నా గొంతు కొంచెం పెరిగే ఉంటుంది.

“సార్ వస్తా ఉండారు గదా అని,” అన్నాడాయన సంతోషంగా. “గోడంతా గలీజుగా ఉండె. పెద్దోళ్ళు వచ్చినప్పుడు అట్ల ఉంటే ఏం బాగుంటాది?”

మా ఊళ్ళలో ఇది ప్రతిచోటా ఎదురయ్యే చిక్కే. డాక్టరు దగ్గరికి పోతూ గాయం కడిగి పౌడరు అద్దుకుని పోయినట్టు, ఇంజనీరు వస్తున్నాడంటే గోడకు సున్నం కొడతారు. నేను చదవాల్సిందంతా మర్యాద కొద్దీ తుడిచేస్తారు.

కానీ మెట్లెక్కుతూ పోతే, సగంలో మలుపు దగ్గర ఉన్న ల్యాండింగు మొదట్లో సున్నం ఆగిపోయింది. దారం పట్టి గీసినట్టు నిలువుగా ఆగింది. ఇటు పాలవంటి తెలుపు, అటు ఏళ్ళ నాటి మురికి.

“ఇక్కడ ఆపారేం?”

“ఆడ్నుంచి మా తమ్ముడి వాటా సార్.”

పైనుంచి మునిశేఖర్ గొంతు వినిపించింది. “నా వాటాకు నేను కొట్టుకుంటాలే సార్. మాయన్న సున్నం నాకొద్దు.”

ఆ మాట విని నేను మనసులో ఆ తమ్ముడికి దండం పెట్టుకున్నాను. సగం గోడ అయినా నాకు మిగిలింది.

మిగిలిన సగం గోడ

ల్యాండింగు నుంచి పై ఇంటి దాకా ఆ మురికి గోడ మీద రెండు చారలున్నాయి. నడుము కంటే కింద, గజిబిజిగా, రకరకాల రంగులతో ఉన్నది పిల్లలది. దానికి పైన, దిగేటప్పుడు ఎడమచేతి వైపు, నల్లగా నిగనిగలాడుతూ ఒక చార. మామూలుగా చెయ్యి తగిలితే పడే మరక కాదది. ఒళ్ళు బరువంతా అరచేతి మీద మోపితే పడేది. ల్యాండింగు మూలలో రెండు అరచేతుల గుర్తులు పక్కపక్కన. ఇంకా కింద, కూర్చున్న మనిషి తల ఎత్తులో, గోడకు గుండ్రంగా నూనె మరక.

కుప్పమ్మ ఆ నెల కింద ఉంది. హాల్లో పీట మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. కుడి మోకాలికి కట్టు.

“అమ్మా, మెట్ల మీద సగంలో కూర్చుంటావా నువ్వు?” అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఎవురు చెప్పినారు నీకు?”

“గోడ చెప్పింది.”

“కూసోకుండా ఎట్ల ఎక్కేది సామీ? పుత్తూరులో కట్టు కట్టినోడు, అవ్వా నువ్వు మెట్లెక్కొద్దు అన్నాడు. ఎక్కకుంటే వంతు ఎట్ల మారేది అని అడిగితే, వాడికేం తెలుసు వంతంటే? నవ్వినాడు.”

అప్పటికి మునిశేఖర్ కూడా కిందికి దిగొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి తమ ఆలోచన చెప్పారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరికీ చక్కగా కుదిరింది. మెట్ల మొదట్లో గోడ కట్టి మూసెయ్యాలి. కింది వరస మెట్లు పగలగొట్టి, ఆ చోటు చెంగల్రాయులు పాత్రల సరుక్కి తీసుకోవాలి. మునిశేఖర్ వీధి వైపు గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు పెట్టించుకుంటాడు. వెల్డింగు ఆయన వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు.

“బాగుంది. మరి అమ్మ వంతు మారేదెట్లా?” అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంపకమైన రోజు నుంచి వాళ్ళు అలా చూసుకోవడం అదే మొదటిసారని తరవాత వసంత చెప్పింది.

“నేను ఎత్తుకోని పోతా సార్ పైకి,” అన్నాడు మునిశేఖర్.

పీట మీదినుంచి కుప్పమ్మ అంది: “నేనేమన్నా గ్యాస్ బండనంట్రా, నెలకొకతూరి ఎత్తుకోని పోయేదానికి?”

చెంగల్రాయులు గొంతు సవరించుకున్నాడు. “అది కాదు సార్. కింది మెట్లు తియ్యకుండా, వాటి కింద రవ్వంత తావు చేసి అమ్మకు మంచం ఏసేస్తే? యాడికీ ఎక్కే పనే ఉండదు. తమ్ముడి వంతప్పుడు కూడు వాడే పంపిస్తాడు.”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మెట్ల కింద మనిషి పడుకుంటే తల మీద పగలంతా పాదాల చప్పుడు, గాలి రాదు, లేచి కూర్చుంటే తల తగులుతుంది, నేనా పని చెయ్యను, వేరే ఇంజనీరును చూసుకోండి అన్నాను. గట్టిగానే అన్నాను. ఈ పనిలో ‘వేరేవాళ్ళను చూసుకోండి’ అనే మాట ఎప్పుడు వాడాలో తెలియడం చాలా ముఖ్యం. ఊరికే వాడితే పొగరు అంటారు. ఎప్పుడూ వాడకపోతే మన పేరు మీద చెడ్డ ఇళ్ళు మిగులుతాయి. చెంగల్రాయులు తల దించుకుని, “సరే, మీరే ఏందో ఒకటి చెప్పండి,” అన్నాడు.

బిందె

ముందు ఆ గుండ్రటి ఇనుప మెట్ల మోజు పోగొట్టాలి. రెండిళ్ళవతల ఒకాయన అలాంటివే పెట్టించుకున్నాడు. మునిశేఖర్‌ను అక్కడికి తీసుకుపోయి, నిండు బిందె తెప్పించి, ఎక్కమన్నాను.

“పరిగెత్తే బస్సులో టిక్కెట్లు కొట్టేవాణ్ణి సార్, నాకిదొక లెక్కా?” అంటూ బిందె భుజానికెత్తుకున్నాడు.

మూడో మెట్టు దాకా బాగానే పోయాడు. తిరిగే చోట మెట్టు లోపలి వైపు కాలి వేళ్ళకు కూడా చోటివ్వలేదు. వెలుపలికి జరిగితే బిందె కమ్మీకి తగిలింది. కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి వదిలాడు. నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. తమ మిద్దె మీదినుంచి చూస్తున్న రేవతి, “టిక్కెట్టు కొట్టించుకున్నావా?” అని అరిచి పకపకా నవ్వింది. కింద వాకిట్లో నిలబడ్డ వసంత కూడా నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మునిశేఖర్ తడిసిన చొక్కా పిండుకుంటూ, “మాయమ్మ దీని మీద ఎక్కలేదు సార్,” అన్నాడు. నేను ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంటికి తిరిగొచ్చి, సున్నం ఆగిన గీత దగ్గర నిలబడ్డాను. ఈ ఇంటిని ఎక్కడ వేరు చెయ్యాలో చెంగల్రాయులు సున్నం కుంచెతో గీసే పెట్టాడు. ల్యాండింగు బయటి గోడ అవతల సందే. అక్కడ గోడకు ద్వారం తీసి, సందులోంచి ల్యాండింగు దాకా చిన్న వరస మెట్లు కడితే చాలు. తమ్ముడి ఇంటివాళ్ళు సందులోంచి వచ్చి, సగం ఎత్తు బయట ఎక్కి, మిగతా సగం పాత మెట్లే ఎక్కుతారు. అన్న హాల్లో కాలు పెట్టే పని లేదు. ఉత్తరం ద్వారం కాబట్టి సిద్ధాంతి కూడా వెంటనే సరే అన్నాడు.

“అట్లయితే కింది మెట్లు ఇంకెందుకు సార్? పగలగొట్టేస్తాం,” అన్నాడు చెంగల్రాయులు.

“మీ అమ్మ ఎక్కడానికి.”

“నెలకొకతూరికా?”

“నెలకొకసారికే. ఇంకో సంగతి వినండి. మీ నాయన ఈ రెండు వరసలూ, ల్యాండింగూ కలిపి ఒకే కాంక్రీటుగా పోయించాడు. కిందిది కొడితే పైదానికి ఆనిక పోతుంది. అప్పుడు ల్యాండింగు కింద స్తంభం నిలబెట్టాలి. అది సరిగ్గా మీ సరుకు పెట్టుకునే చోటు నడుమ లేస్తుంది. మెట్లు ఉంచితే వాటి కింద మూడు పెద్ద సొరుగులు లాగుతాను. ఇత్తడి బిందెలు, ఇడ్లీ పాత్రలు అన్నీ పడతాయి.”

ఆయన వ్యాపారస్తుడు. కళ్ళతోనే సొరుగులు కొలుచుకుని ఒప్పుకున్నాడు.

గడియ ఏ పక్క

కింది మెట్లకూ ల్యాండింగుకూ మధ్య, అంటే సరిగ్గా సున్నం ఆగిన గీత మీద, ఒక తలుపు కావాలి. నా చెక్కపనులన్నీ మస్తాన్ సాయిబు చేసేవాడు. పని నైపుణ్యం ఎంత ఉందో దాని గురించి గొప్పలు అంతకు రెండింతలు. ఆయన కొలతలు తప్పిన రోజు కూడా గోడదే తప్పనేవాడు. తలుపు మెట్ల మీదికి తెరుచుకోకూడదు, ల్యాండింగు వైపే తెరుచుకోవాలి అని చెప్పాను. మెట్ల మీదికి తెరుచుకునే తలుపు ఎక్కుతున్న మనిషిని వెనక్కి తోస్తుంది. కొత్తవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి.

తలుపు బిగించే రోజు మస్తాన్ అడిగాడు. “గడియ ఏ పక్క సాబ్?”

“మా పక్క,” అంది వసంత కింది మెట్టు మీదినుంచి.

“మా పక్క,” అంది రేవతి పై మెట్టు మీదినుంచి. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా మస్తాన్‌నే చూస్తున్నారు.

“రెండు పక్కలా పెట్టెయ్ సాయిబూ,” అన్నాడు మునిశేఖర్.

“రెండు పక్కలా గడియ పెడితే దాన్ని తలుపు అనరు భాయ్, గోడ అంటారు,” అన్నాడు మస్తాన్. “గోడకైతే నేనెందుకు, మేస్త్రీని పిల్చుకోండి. నా టేకు చెక్క నాకియ్యండి, పోతా.”

కింది వైపు గడియ పెడితే, మెట్టు అంచున నిలబడి చెయ్యి పైకెత్తి వెయ్యాలి, వెనక్కి పడే ప్రమాదం ఉందని చెప్పాను. అయితే పై వైపే పెట్టమంది రేవతి. అట్లయితే నా ఇంటికి పైనుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగుతారా అంది వసంత. చెంగల్రాయులు నుదురు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆ కాసేపట్లో ఈ పని మొత్తం పాడైపోయేటట్టు కనిపించింది. తలుపు వద్దు, గోడే కట్టేద్దాం అన్న మాట మునిశేఖర్ నోటి దాకా వచ్చింది.

కుప్పమ్మ చింతపండు చేట పక్కన పెట్టి లేచింది. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి, తలుపు దగ్గరికి వచ్చింది. ఎవరూ సాయం పట్టడానికి ముందుకు రాలేదు. ఆమె ఎక్కిన పొడుగునా కొత్త సున్నం మీద చింతపండు చేతి గుర్తులు వరసగా పడ్డాయి.

“ఒరే చెంగల్రాయా,” అంది ఆయాసపడుతూ. “గడియ ఆ పక్క ఉంటే నేను ఈడ నిలబడి తలుపు కొట్టల్ల. ఈ పక్క ఉంటే వాడి వంతు అయినాక ఆడ నిలబడి కొట్టల్ల. నా కొడుకుల ఇంటి తలుపు నేను కొట్టల్లనా? కొడితే తీసేదెవురు, ఇదా, అదా?” ఇద్దరు కోడళ్ళనూ చూపించింది. “కొట్టల్లంటే చెప్పండి. ఈడ్నే కూసుంటా. కిందికీ రాను, పైకీ పోను.”

మునిశేఖర్ భుజాన కండక్టరు సంచీ పట్టీ సర్దుకుంటూ నిలబడ్డాడు. చెంగల్రాయులు లేచి నిలబడి అన్నాడు: “గడియ వద్దు సాయిబూ. యా పక్కా వద్దు.”

“గడియ లేకుండా తలుపా?” వసంత గొణిగింది.

“గమ్మునుండు మే,” అన్నాడాయన, కానీ మెత్తగా.

మస్తాన్ తలుపు కీలుకు స్ప్రింగు, అంచుకు అయస్కాంతం బిళ్ళ బిగించాడు. కిందినుంచి తోస్తే, పైనుంచి లాగితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుని అతుక్కుంటుంది. “దీంట్లో కుక్క రాదు, దోమ రాదు, ఒకరి మాటలు ఒకరికి వినపడవు. ఇంకేం కావల్ల మీకు?” అని తన పని తానే మెచ్చుకున్నాడు.

ల్యాండింగు మూలలో నూనె మరక ఉన్నచోట నేను ముందే ఒక రాతి బల్ల గీసి పెట్టుకున్నాను, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తులో. నల్లటి చార వెంబడే, అదే ఎత్తులో, కింది మెట్టు నుంచి పై ఇంటి దాకా చేతికి కొయ్య కమ్మీ వేయించాను. సున్నం మరుగున పడిన భాగంలో ఎంత ఎత్తు పెట్టాలో వెతుక్కునే పని లేకపోయింది. చింతపండు గుర్తులు చూపించాయి.

వంతు మారిన రోజు

పని ముగించిన ఇంటికి ఒక వాన కాలం గడిచాక మళ్ళీ పోయి చూడడం నా నియమం. తలుపు ఉబ్బిందా, సొరుగు ఇరుకుతోందా అని చూడాలి. డబ్బు తీసుకున్నాక వెనక్కి చూడనివాళ్ళు ఒకే తప్పు జీవితమంతా చేస్తూ పోతారు. నేను చెంగల్రాయులు ఇంటికి పోయిన రోజు, అనుకోకుండా, వంతు మారే రోజు. ఈసారి చెప్పకుండానే పోయాను, సున్నం కొడతారని.

కుప్పమ్మ పైనుంచి కిందికి దిగుతోంది. బట్టల మూట మునిశేఖర్ చేతిలో ఉంది, ఆమె మాత్రం కమ్మీ పట్టుకుని తనంతట తానే దిగుతోంది. ల్యాండింగు దగ్గర రాతిబల్ల మీద కూర్చుంది. వెనకే రేవతి కాఫీ లోటా తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా పైకి పోయింది. ఇంతలో తలుపు తోసుకుని వసంత ఇంకో లోటా తెచ్చి, మొదటి లోటాను చూసి, దాని పక్కనే పెట్టి దిగిపోయింది.

“రెండూ తాగుతావా అమ్మా?” అన్నాను.

“పైదాని కాపీలో చక్కెర జాస్తి సామీ. కిందిదాని కాపీలో డికాషను జాస్తి.” ఆమె ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి పోసి, మళ్ళీ ఇందులోకి తిరగబోసింది. “నాకిట్ల తాగితే సరిగ్గా ఉంటాది. వాళ్ళకు చెప్పొద్దు.”

సొరుగులు లాగి చూశాను, బాగానే నడుస్తున్నాయి. తలుపు కొంచెం ఉబ్బింది, మస్తాన్‌ను పంపి అంచు చిత్రికతో చివ్వించాలి. కింది మెట్ల గోడ దగ్గరికి వచ్చేసరికి చెంగల్రాయులు సిగ్గుపడుతూ ఎదురొచ్చాడు.

“సార్, చెప్పి వచ్చుంటే సున్నం కొట్టించి పెట్టుందును. పిల్లోళ్ళు పాడు చేసేసినారు. నా పిల్లోళ్ళే కాదు, తమ్ముడి పిల్లోళ్ళు గూడా దిగి వచ్చేస్తా ఉండారు, ఎంత చెప్పినా వినరు.”

కమ్మీకి కిందుగా, నడుము ఎత్తులో, తెల్లటి గోడ పొడుగునా గజిబిజిగా ఒక చార పడి ఉంది. తలుపు దాకా పోయి, తలుపు అంచు మీద వేలిముద్రలుగా మారి, అవతల పాత మురికి చారలో కలిసిపోయింది.

సున్నం కొట్టొద్దని ఆయనకు చెప్పి వచ్చాను. ఆ సాయంత్రం డైరీలో తలుపు అంచు చివ్వించాలని రాసుకుని, దాని కింద ఇంకొక్క వాక్యం రాశాను. మెట్లు పని చేస్తున్నాయి.